కొత్తకోటలో కాంగో బాజా

తాహేరా కొత్తకోటకు కోడలిగా వచ్చిన రోజున అత్త సకీనా ఆమెకు అన్నిటికంటే ముందు వీధి తలుపు గడియ చూపించింది. బరువైన ఇనుప గడియ. దాన్ని చప్పుడు కాకుండా ఎలా వెయ్యాలో, తీసేముందు తలుపు సందులోంచి ఎవరొచ్చారో ఎలా చూడాలో ఓపిగ్గా నేర్పింది.

"పగలైనా గిది పడే ఉండాలె బిడ్డా. మగోళ్లు వచ్చినప్పుడు, పోయినప్పుడే తీసేది" అంది.

అప్పటికి నిజాం రాజ్యం మీదికి సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ జరిగి మూడేళ్లు కావస్తోంది. ఆ రోజుల్లోనే సకీనా పెద్దకొడుకు మదార్ ఇంట్లోంచి బయటికి పోయి మళ్లీ రాలేదు. ఆ సంగతి పెళ్లికి ముందే తాహేరా వాళ్లకు చెప్పారు. ఎందుకు పోయాడో, ఏం జరిగిందో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. మిగిలిన కొడుకు లియాఖత్ అలీ రోడ్డు పక్కన కట్టెల అడితి నడిపేవాడు. నెమ్మదస్తుడు. తల్లికి ఎదురు చెప్పేవాడు కాదు, భార్యను కసిరేవాడూ కాదు. అతను పొద్దున బయటికి పోగానే తాహేరా గడియ వేసేది. మళ్లీ మధ్యాహ్నం అతను అన్నానికి వచ్చినప్పుడే తియ్యడం.

తాహేరా పుట్టి పెరిగింది పాలమూరు పట్నంలో. తండ్రి పెళ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. కొత్త పాట నేర్చుకోవాలంటే మేళం వాళ్లంతా వాళ్లింట్లో చేరేవారు. చాపమీద గ్రామఫోను పెట్టి, రికార్డు వేసి, ఆపి, మళ్లీ వేసి, ఒక్కొక్క ముక్కే పట్టుకునేవారు. లోపలి గది గుమ్మం దగ్గర కూర్చుని తాహేరా సత్తు గిన్నె బోర్లించి వేళ్లతో దరువు వేసేది. తమ్ముడు ఖాసిం దానికి తగ్గట్టు గంతులు వేసేవాడు. తండ్రి వాయించడం మధ్యలో ఆపి లోపలికి తొంగి చూసి, "మా మేళంల డోలు కంటె నా బిడ్డ గిన్నెనే నయం" అని నవ్వేవాడు.

కొత్తకోట ఇంట్లో అలాంటి చప్పుళ్లు లేవు. బావి ఇంట్లోనే ఉంది కాబట్టి నీళ్లకు కూడా బయటికి పోయే పనిలేదు. చుట్టూ నిలువెత్తు మట్టి గోడలు. వాటిమీద పరిచిన ఆకాశం ముక్క. మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు. అత్త తిట్టదు, కొట్టదు, కడుపునిండా పెడుతుంది. తలనొప్పి అంటే తనే నూనె తెచ్చి మర్దన చేస్తుంది. పిల్లలు పుట్టకపోయినా ఒక్క మాట అనలేదు. కానీ తలుపు దగ్గరికి పోతే చాలు, ఎక్కడున్నా గమనించి, "ఎవరు? ఎవరు?" అని పరుగున వచ్చేది. ఆ ముసలి మొహంలోని భయం చూసి తాహేరా వెనక్కి మళ్లేది. రానురాను ఆ కోపం కూడా సన్నగిల్లింది. కోపం పోవడమే ఇంకా అధ్వాన్నం అనిపించేది ఆమెకు.

తండ్రి చనిపోయినప్పుడు భర్త ఆమెను పాలమూరు తీసుకుపోయి ఆ సాయంత్రమే తీసుకొచ్చాడు. ఖాసిం అప్పటికి పటాలంలో డ్రైవరు. దేశం దాటి ఎక్కడో ఉన్నాడు, రాలేకపోయాడు.

అరవై మూడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఖాసిం వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, మీసం పెంచాడు. సందులోంచి చూసి తాహేరా మొదట గుర్తుపట్టలేదు. ఐక్యరాజ్య సమితి శాంతి సేనతో ఆఫ్రికాలోని కాంగో దేశానికి పోయి, అక్కడ లారీ నడిపి, అప్పుడే తిరిగొచ్చాడట. అన్నం తిన్నాక సంచిలోంచి ఒక పెద్ద పుస్తకం లాంటిది తీసి అక్క ఒళ్లో పెట్టాడు. అట్టలు తెరిస్తే లోపల కాగితాలు లేవు. కాగితపు సంచులున్నాయి. ఒక్కో సంచిలో ఒక్కో నల్లటి రికార్డు, మొత్తం నాలుగు.

"దీన్ని ఆల్బం అంటరట. నా బట్టలల్ల చుట్టుకోని ఓడ మీద తెచ్చిన ఆపా. ఒక్క గీత పడలే" అన్నాడు.

తాహేరా ఒక రికార్డు బయటికి తీసి వెలుతురుకు పట్టి చూసింది. మధ్యలో గుండ్రటి కాగితం మీద ఒక పక్షి బొమ్మ, తెలియని భాషలో రాతలు.

"ఎవరు పాడిన్రు?"

"ఎవ్వరు పాడలే. గదే గమ్మత్తు. గిటార్లు, బాకాలు, డోళ్లు, అంతే. మాట ఉండదు. సాయంత్రమైతే ఆడ బజార్ల కూసోని వాయిస్తరు. నేను బండి పక్కకు పెట్టి వినేది. విన్నప్పుడల్ల నువ్వు గిన్నె మీద కొట్టుడు యాదికొచ్చేది."

నోటితో ఆ దరువు అనబోయాడు. లోపలి గదిలోంచి సకీనా దగ్గింది. ఖాసిం గొంతు తగ్గించి, "నాయిన గ్రామఫోను నీ దగ్గరనే ఉన్నది గద? పెట్టి విను" అన్నాడు.

"నా దగ్గరేడిది? మేళం సామాన్లతోటి రాయచూరు మేళమోళ్లు పట్టుకపోయిన్రు. నేను పోయిన్నాడు అడగాలని కూడ తోచలే."

ఖాసిం మొహం చిన్నబోయింది. మర్నాడే అతను మళ్లీ పటాలానికి పోవాలి. ఓదార్పు మాటలేవో చెప్పి, అక్క చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని లేచాడు.

ఆల్బం తాహేరా ఇనుప సందూకులోకి చేరింది. అత్త కునుకు తీసే వేళ దాన్ని బయటికి తీసి చూసేది. ఆ సన్నని గీతల్లోనే పాట ఉంది. వేలితో మెల్లిగా రాస్తే గరగరమని తగులుతుంది. అంతకు మించి ఏమీ రాదు. తమ్ముడు చెప్పిన గిటార్లు, బాకాలు ఎలా ఉంటాయో ఊహించుకోవాలని చూసేది. ఎంత ఊహించినా తండ్రి క్లారినెట్టే వినబడేది. ఏమీ తేకపోతేనే బాగుండేదని ఒక్కోసారి తమ్ముడి మీద విసుగు వచ్చేది. వానాకాలం గడిచిపోయింది.

గోడ అవతల అండాలు వాళ్ల ఇల్లు. పద్మశాలీలు. భార్యాభర్తలిద్దరూ గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. రెండిళ్ల మధ్య గోడ ఒకచోట వానకు తరిగి పొట్టిగా ఉండేది. అక్కడ నిలబడి తాహేరా, అండాలు కూరలు ఇచ్చిపుచ్చుకునేవారు. దానికి సకీనా కూడా అడ్డు చెప్పేది కాదు. ఒకరోజు తాహేరా ఆల్బం తెచ్చి గోడమీద పెట్టి చూపించింది.

"అయితే గిదాంట్ల ఏమున్నదో నువ్వింక విననేలేదా?" అంది అండాలు.

"ఎట్ల వినాలె అండాలక్కా?"

"రోడ్డు మీద ఐలేశం హోటల్ల పాటల పెట్టె ఉన్నది గద. ఆయన నాకు మేనమామ కొడుకే. గీ పలక ఇచ్చి పెట్టుమంటే పెడ్తడు."

"ఆడ పెడితే నేనీడ ఎట్ల వింట?"

"గాలి ఇటు కొట్టినప్పుడు ఆ పాటలు మా ఇంట్లకొస్తయి. మీ ఇంట్లకు రావా?"

వస్తాయి. ఆ హోటల్లో పెట్టే సినిమా పాటలు గాలివాటున తునకలు తునకలుగా రావడం తాహేరాకు తెలుసు. ఆమె చాలాసేపు ఆలోచించి, ఒక్క రికార్డు తీసి పాత ఓణీలో చుట్టి అండాలుకు ఇచ్చింది. మిగిలినవి మళ్లీ సందూకులో పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం అండాలు గోడ మీదుగా తల పెట్టి, "మగ్గం ఆపిన. ఇగ పెడ్తడు, విను" అంది.

తాహేరా వాకిట్లో రోలు పక్కన నిలబడింది. ముందు ఒక లారీ పోయిన చప్పుడు. తరువాత ఒక గిటారు, ఒక్కటే, చిన్న చిన్న అడుగులు వేస్తున్నట్టు వచ్చింది. ఇంకో గిటారు దానికి బదులు చెప్పింది. కింద ఎక్కడినుంచో డోళ్లు మొదలయ్యాయి. అవి పెళ్లి డోళ్లలా పైన పడిపోలేదు. నింపాదిగా, వెనకనుంచి తోస్తున్నట్టు నడిచాయి. బాకాలు కలిసినప్పుడు తాహేరా చెయ్యి దానంతటదే రోటి అంచు మీదికి పోయింది. వేళ్లు దరువు పట్టుకోబోయి తప్పాయి. మళ్లీ పట్టుకోబోయాయి, మళ్లీ తప్పాయి. ఆమెకు తెలిసిన ఏ నడకకూ అది లొంగలేదు. ముందుకు పోయినట్టే పోయి మొదలుపెట్టిన చోటికే వస్తోంది, మళ్లీ పోతోంది. తనూ పన్నెండేళ్లుగా ఈ వాకిట్లో అలాగే తిరుగుతోంది. మరి ఆ వాయించేవాళ్లు తిరుగుతుంటే ఎందుకింత హాయిగా ఉందో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు పాట ఆగిపోయింది. హోటల్లో మామూలు సినిమా పాట మొదలైంది.

"విన్నవా?" అంది అండాలు.

తాహేరా తల ఊపింది.

ఐలేశం ఆ రికార్డు రోజూ పెట్టసాగాడు. లారీల వాళ్లకు అది బాగా నచ్చిందని, మాటల్లేని బాజా పెట్టమని అడిగి మరీ వింటున్నారని అండాలు వచ్చి చెప్పింది. తాహేరా మిగతా మూడూ అట్టలతో సహా ఇచ్చేసింది. ప్రతి మధ్యాహ్నం ఏ రికార్డు వస్తుందోనని ఎదురు చూడడం ఆమెకు పనైంది. గాలి అటు తిరిగిన రోజున ఏమీ వినబడదు. ఆ రోజంతా ఆమెకు ఏ పనీ తోచేది కాదు. గోడలు ఇంకా దగ్గరికి జరిగినట్టు ఉండేది. అలాంటి ఒక రోజున నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కింది. పైన పాట బాగా వినబడింది. ఊళ్లోని కప్పులు, రోడ్డు, దూరంగా జొన్నచేలు కనబడ్డాయి. ఆమె పిట్టగోడ చాటున కూర్చుని మోకాలి మీద దరువు వేసుకుంటూ అత్తను మరిచిపోయింది.

సకీనా నిచ్చెన కింద నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. రెండు చేతులతో నిచ్చెనను గట్టిగా పట్టుకుంది.

"దిగు" అంది. అరవలేదు.

తాహేరా దిగింది. "పాట వింటున్నమ్మా. అంతే. ఖాసిం తెచ్చిన పాట."

సకీనా వాకిట్లో నేలమీదే కూలబడింది.

"ఆ పొద్దు గూడ గిట్లనే బాజా వినబడ్డది. అన్ని దినాలు తలుపులేసుకోని ఒక్క గదిలనే ఉన్నం. దీపం గూడ పెట్టలే. రోడ్డు దిక్కు బాజాలు మోగినయి. మదార్ లేచిండు. పెండ్లి బాజా అమ్మా, అంత నిమ్మలమైంది, చూసొస్త అన్నడు. గడియ నేనే తీసిన. నేనే తీసిన తాహేరా. అది పెండ్లి కాదు. గెలిచినోళ్ల ఊరేగింపు. పోయినోడు పోయిండు."

ఇన్నేళ్లలో అత్త నోట కొడుకు పేరు తాహేరా వినడం అదే మొదటిసారి. ఆమె అత్త పక్కన కూర్చుంది. హోటల్లో పాట ఇంకా మోగుతూనే ఉంది. అది ఎప్పుడు ఆగుతుందా అనిపించింది.

ఆ రాత్రే లియాఖత్‌కు తల్లి చెప్పింది. అతను పోయి ఐలేశంతో మాట్లాడాడు. ఐలేశం మంచివాడు, కారణం అడగలేదు. రికార్డులు తీసి పక్కన పెట్టేశాడు. తాహేరా ఎవరితోనూ వాదించలేదు. అత్త చెప్పింది విన్నాక వాదించడానికి ఏముంది? కానీ అన్నం సయించేది కాదు. అత్త దుఃఖం తెలియక ముందు కనీసం మనసులోనైనా తలుపు మీద కోప్పడే వీలుండేది. ఇప్పుడు అదీ లేదు.

చలికాలం మొదట్లో అండాలు ఒక కబురు తెచ్చింది. ఐలేశం హోటలు వేరేవాళ్లకు ఇచ్చేసి జడ్చర్లకు పోతున్నాడు. సామాను కడుతున్నాడు.

"నీ పలకలు నేను తెచ్చిస్త తీ" అంది.

"వద్దు అండాలక్కా. నేనే పోయి తెచ్చుకుంట" అంది తాహేరా. అన్నాక తన మాటకు తనే ఆశ్చర్యపోయింది.

బురఖా వేసుకుని అత్త ముందుకు వచ్చి నిలబడింది. దొంగతనంగా పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"హోటల్ కాడికి పోయొస్తనమ్మా. నా రికార్డులు తెచ్చుకోవాలె."

"లియాఖత్ వచ్చినంక పోతడు."

"నేనే పోత. నీకు చెప్పే పోతున్న. జల్ది వస్త."

సకీనా పోయి గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. తోయలేదు, తిట్టలేదు. "వద్దు బిడ్డా" అని ఒక్క మాట అంది. వెనక్కి పోయి బురఖా తీసేస్తే సరిపోతుంది. ఎన్నోసార్లు అలాగే చేసింది. ఈసారి అత్త వేళ్లను ఒక్కొక్కటిగా మెల్లిగా విడదీసింది. సకీనా వేళ్లు చల్లగా ఉన్నాయి. గడియ తీసి బయటికి వచ్చింది.

బయట ఆమె అనుకున్నట్టు లేదు. సంతోషం రాలేదు. ఆనుకోవడానికి గోడ లేకపోయేసరికి పడిపోతాననిపించింది. లారీ హారను మోగితే ఉలిక్కిపడి రోడ్డు అంచుకు జరిగింది. దారిలో ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. అయినా అందరూ చూస్తున్నట్టే ఉంది. హోటలు చేరేసరికి వీపంతా చెమట. పొయ్యి పక్కగా, మగవాళ్లకు దూరంగా నిలబడి అండాలు పేరు చెప్పింది.

ఐలేశం అట్టల పుస్తకం తెచ్చి అందించాడు. "ఒకటి పగిలింది అమ్మా. ఎవరో చెయ్యి తగిలిచ్చిన్రు. తప్పైంది" అన్నాడు.

"పోనీ. పెట్టె ఇంక కట్టలేదు గద? ఒకటి పెడతవా? దగ్గరనుంచి వినలే నేను."

ఐలేశం కొత్త ముల్లు వేసి, కీ తిప్పి పెట్టాడు. దూరంనుంచి విన్నదానికీ దీనికీ పోలికే లేదు. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినబడుతోంది. ఎవరో కాలితో నేలను తడుతున్నారు. పాట అయిపోయే ముందు, బాకాలు ఆగాక, వాయించేవాళ్లలో ఒకతను చిన్నగా నవ్వాడు. అక్కడే ఎక్కడో పక్కన నిలబడి నవ్వినట్టు. తాహేరా ముసుగు లోపల నవ్వింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఐలేశం రెండో వైపు తిప్పబోతే, "చాలు, మా అత్త ఒక్కతే ఉన్నది" అని బయల్దేరింది.

సందు మలుపు తిరగగానే ఆగిపోయింది. సకీనా అండాలు వాళ్ల గడప ముందు నిలబడి ఉంది. నెత్తిన చాదరు సగం జారింది. కోడలి వెనకే బయల్దేరి అక్కడిదాకా వచ్చి, ముందుకు పోలేక, వెనక్కి మళ్లలేక, గోడ పట్టుకుని నిలబడిపోయిందట. అండాలు ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

"వచ్చినవా?" అంది సకీనా.

"వచ్చినమ్మా."

"మరి జల్ది వస్తనంటివి."

"జల్దినే వచ్చిన."

తాహేరా ఒక చంకలో రికార్డులు, ఇంకో చేత్తో అత్తను పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. సకీనా లోపలికి రాగానే తనే గడియ వేసింది.

ఆ తరువాత కూడా ఆ ఇల్లు అలాగే ఉంది. అయితే ఆ సంగతి విన్న లియాఖత్ రెండు రోజులకు కట్టెల లారీలో కర్నూలు పోయి ఒక పాత గ్రామఫోను తెచ్చి వాకిట్లో దించాడు. తల్లికి అడ్డు చెప్పడం అతనికి చేతకాలేదు. అడగకుండా తేవడమే అతను చేయగలిగింది. సకీనా దాన్ని వెనక గదిలో పెట్టించింది. అక్కడ మూడు రికార్డులే మళ్లీ మళ్లీ మోగేవి. మొదట్లో సకీనా ఆ సమయానికి పెరట్లోకి పోయేది. తరువాత గుమ్మం బయట కూర్చునేది. ఒకరోజు లోపలికి వచ్చి చివరి దాకా విని, "గీ వాయించినోళ్లు ఏ దేశపోళ్లు?" అని అడిగింది. తాహేరా చెప్పింది.

"ఆడ గూడ లడాయిలున్నయా?"

"ఉన్నయట. ఖాసిం గందుకే పోయిండు."

"మరి లడాయిల ఎట్ల వాయించిన్రు?"

తాహేరా రెండో వైపు తిప్పి పెట్టింది. ఆ దరువు ఇప్పుడు ఆమె వేళ్లకు పట్టుబడింది. ఎప్పుడు పట్టుబడిందో ఆమె గమనించలేదు.

సకీనా అరవై ఏడులో చనిపోయింది. తలుపు ఇక తెరిచే ఉండేది. ఎటైనా పోయి రమ్మని లియాఖత్ అంటే, తాహేరా రేపు అనేది. ఆ రేపు చాలాకాలం రాలేదు. గుమ్మం దాటితే ఊపిరాడదని అండాలుతో మాత్రం చెప్పింది. మరుసటి ఏడు ఖాసిం పటాలం వదిలి పాలమూరులో ఇల్లు తీసుకుని, అక్కను రమ్మని కబురు పెట్టాడు. మొదటిసారి బస్సెక్కి, దారి మధ్యలో దేవరకద్రలో దిగేసి ఇంటికి వచ్చేసింది. వారం తరువాత తనే మళ్లీ బయల్దేరింది. ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని పాలమూరు దాకా పోయింది.

అక్కడ నెల్లాళ్లు ఉంది. ఖాసిం భార్య వెంట రోజూ కూరగాయల బజారుకు పోయేది. పుట్టిన ఊళ్లో ఆమెను గుర్తుపట్టినవాళ్లు ఒక్కరూ లేరు. అలా ఎవరి కంటా పడకుండా తిరగడం తనకెంతో హాయిగా ఉండేదని ఆమె తిరిగొచ్చాక అండాలుతో చెప్పింది.